చిత్త నక్షత్రం చైనాలో డ్రాగన్ కొమ్ము: తరచుగా అడిగే ప్రశ్నలు

అసలు ఏ నక్షత్రం గురించి ఇదంతా?

మన పంచాంగంలో చిత్త అంటామే, అదే. కొందరు చిత్ర అని రాస్తారు. పాశ్చాత్యులు స్పైకా అంటారు, అంటే లాటిన్‌లో ధాన్యపు కంకి. కన్యారాశిలో అన్నిటికన్నా బాగా వెలిగే చుక్క ఇదే, మనకు సుమారు 250 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. చైనా వాళ్లు దీన్ని జ్యావ్ అన్నారు. జ్యావ్ అంటే కొమ్ము. ఎవరి కొమ్ము అంటే, తూర్పు ఆకాశంలో దాదాపు పావు వంతు ఆక్రమించుకుని పడుకున్న ఓ నీలి డ్రాగన్‌ది. మన వాళ్లకేమో ఇది ముత్యం, దేవత త్వష్ట. ఇలా ఊరికో కథ చెప్పుకున్న ఈ ఒక్క చుక్క నిజానికి రెండు నక్షత్రాలని 1890లో గానీ బయటపడలేదు.

చైనా పటాల్లో కూడా జ్యావ్ అంటే రెండు చుక్కలే గీస్తారు. అంటే ఇది జంట తార అని వాళ్లకి ముందే తెలుసన్నమాట?

తెలియదు. నన్ను ఎక్కువ మంది అడిగేది ఇదే, వాట్సాప్‌లో కూడా "ప్రాచీనులకు అన్నీ తెలుసు" అంటూ తిరుగుతుంటుంది, అందుకే ముందే తేల్చేద్దాం. పటంలో కనిపించే రెండు చుక్కల్లో ఒకటి చిత్త. రెండోది దానికి ఉత్తరంగా, చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే ఎంత మేర కప్పుతుందో దాదాపు అంత దూరంలో ఉండే ఓ మసక చుక్క. ఖగోళ శాస్త్రంలో దాని పేరు జీటా వర్జినిస్. అది మనకు 74 కాంతి సంవత్సరాల దూరంలో ఉంటే చిత్త 250 దగ్గర ఉంది. రెంటికీ చుట్టరికం లేదు, మన వైపు నుంచి చూస్తే పక్కపక్కన పడ్డాయి, అంతే.

అసలు జంట వేరే. చిత్త అని మనం చూసే ఆ ఒక్క వెలుగు చుక్కలోనే రెండు నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయి. కాబట్టి కొమ్ముల జంట ఒకటి, కొమ్ము లోపల జంట ఇంకొకటి. ఈ రెంటినీ కలిపేస్తే కథ బాగుంటుంది కానీ నిజం కాదు.

మరి లోపలి జంట సంగతి ఎలా తెలిసింది?

చూసి కాదు. జర్మనీలోని పాట్స్‌డామ్ అబ్జర్వేటరీలో హెర్మన్ ఫోగెల్ అనే ఆయన చిత్త వెలుగుని పట్టకంతో విడగొట్టి, ఆ వర్ణపటాన్ని రోజుల తరబడి ఫొటోలు తీశాడు. అందులోని గీతలు కొన్నాళ్లు నీలం వైపు, కొన్నాళ్లు ఎరుపు వైపు జరగడం కనిపించింది. అంబులెన్స్ దగ్గరకొస్తుంటే సైరన్ కీచుగా, దూరమవుతుంటే బొంగురుగా వినిపిస్తుంది కదా, వెలుగులో కూడా అదే జరుగుతుంది. అంటే ఆ నక్షత్రం మన వైపు వచ్చి మళ్లీ వెనక్కి పోతోంది, కంటికి కనపడని తోడుతో కలిసి గిరగిరా తిరుగుతోంది. ఒక చుట్టుకి పట్టే సమయం నాలుగు రోజుల పైన 20 నిమిషాలు. వర్ణపటం సాయంతో ఇలా దొరికిన మొట్టమొదటి జంటల్లో చిత్త ఒకటి.

ఆ రెండూ ఎలా ఉంటాయి?

పెద్దది సూర్యుడికి 11 రెట్లు బరువు, చిన్నది సుమారు 7 రెట్లు. పెద్దదాని ఉపరితలం మీద వేడి 25 వేల డిగ్రీల పైనే, మన సూర్యుడిది ఆరు వేలకు కాస్త తక్కువ. అందుకే చిత్త నీలిమ కలిసిన తెలుపులో కనిపిస్తుంది. ఒక్క పెద్ద నక్షత్రమే సూర్యుడు ఒక సెకనులో ఇచ్చే వెలుగుకి దాదాపు 20 వేల రెట్లు ఇస్తుంది, అందులో ఎక్కువ భాగం మన కంటికి కనపడని అతినీలలోహిత కాంతి.

నాకు ఆశ్చర్యం వేసేది మాత్రం వాటి మధ్య దూరం. సుమారు 2 కోట్ల కిలోమీటర్లు. చాలా ఎక్కువ అనిపిస్తుందేమో గానీ సూర్యుడికి బుధుడికి మధ్య దూరమే 5.8 కోట్ల కిలోమీటర్లు, అందులో మూడో వంతు చోటులో ఈ రెండు భారీ శాల్తీలు కాపురం పెట్టాయి. అంత దగ్గర్లో ఉండేసరికి ఒకదాని ఆకర్షణకి ఇంకొకటి సాగి, గుండ్రంగా కాకుండా కోడిగుడ్డులా తయారయ్యాయి. గుడ్డు మన వైపు పక్కగా తిరిగినప్పుడు కాస్త ఎక్కువ వెలుగు, కొసగా తిరిగినప్పుడు కాస్త తక్కువ. ఆ తేడా కంటికి అందదు, పరికరాలు మాత్రమే పట్టుకుంటాయి. 2019లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఇంకో విషయం చెప్పారు, ఒక నక్షత్రం వెలుగు రెండోదాని మీద పడి తిరిగి వెనక్కి వస్తోందని, అంటే ఒకదానికొకటి అద్దం పట్టుకుంటున్నాయని.

మా ఇంట్లో టెలిస్కోప్ ఉంది, రెండుగా కనిపిస్తుందా?

లేదు. ఇంట్లోది కాదు కదా, ఎంత పెద్ద టెలిస్కోప్‌కి కన్ను ఆనించి చూసినా ఒకటే చుక్క. 1960ల చివర్లో ఆస్ట్రేలియాలోని నరాబ్రైలో రెండు పెద్ద అద్దాలను దూరదూరంగా పెట్టి, రెంటికీ చేరిన వెలుగుని పోల్చి లెక్క కట్టాకే ఆ కక్ష్య కొలతలూ, వాటితో పాటు దూరమూ సరిగ్గా తేలాయి.

సరే, డ్రాగన్ సంగతికి రండి. అది మొత్తం ఎక్కడి నుంచి ఎక్కడి దాకా?

చైనా ఖగోళంలో చంద్రుడి దారి వెంట 28 మజిలీలు ఉంటాయి, వాటిని షియు అంటారు. వాటిని ఏడేసి చొప్పున నాలుగు దిక్కులకి పంచారు. తూర్పు డ్రాగన్‌ది, ఉత్తరం పాము చుట్టుకున్న తాబేలుది, పడమర తెల్లపులిది, దక్షిణం ఎర్రపక్షిది. డ్రాగన్ వాటాలో ఉన్న ఏడూ వరసగా కొమ్ము, మెడ, వేరు, గది, గుండె, తోక, చేట. చేట ఎందుకొచ్చిందని అడక్కండి, డ్రాగన్ తోక ఊపితే వచ్చే గాలికి తూర్పారబట్టడానికి అని సరదాగా అనుకోవచ్చు.

ఇందులో గుండె మన జ్యేష్ఠ, ఆ ఎర్రటి చుక్క. తోక దాదాపు మన మూల. అంటే మనం తేలు అనుకునే దాంట్లో పెద్ద భాగం వాళ్లకి డ్రాగన్ వెనక సగం. ఆకాశంలో దాన్ని ఒకసారి అలా చూడటం మొదలుపెడితే తర్వాత తేలు కనిపించడం మానేస్తుంది, నాకైతే అలాగే అయింది.

28 మజిలీల లెక్కలో మొదటిది జ్యావ్. మన అశ్విని ఎలాగో వాళ్లకి ఇది అలాగ. మన లెక్కలో చిత్త పద్నాలుగోది.

అయితే ఇవి మన 27 నక్షత్రాలే కదా, పేర్లు మార్చారు, అంతేనా?

పోలిక నిజమే, అంతే అనడం మాత్రం తొందరపాటు. రెండూ చంద్రుడి దారిలో గుర్తులే, చాలాచోట్ల చుక్కలు కూడా ఒకటే: చిత్త, విశాఖ, అనూరాధ, జ్యేష్ఠ, మూల దాదాపు అలాగే సరిపోతాయి. ఎవరి దగ్గర్నుంచి ఎవరు నేర్చుకున్నారు, లేక ఇద్దరూ మూడోవాళ్ల దగ్గర తీసుకున్నారా అని వందేళ్లకు పైగా పండితులు తగాదా పడుతూనే ఉన్నారు.

తేడా మాత్రం స్పష్టంగా ఉంది. మన వాళ్లు వృత్తాన్ని సమానంగా కోశారు, ఒక్కో నక్షత్రానికి 13 డిగ్రీల 20 నిమిషాలు. చైనా వాళ్లు ఏడాదిలో రోజులెన్నో వృత్తానికి అన్ని భాగాలన్నారు, అంటే 365¼. ఒక్కో మజిలీ ఒక గుర్తు చుక్క దగ్గర మొదలై తర్వాతి గుర్తు చుక్క దాకా పోతుంది, అందుకే ఏదీ ఇంకోదానితో సమానం కాదు. జ్యావ్‌కి 12 భాగాలు, ఒకదానికి 33, ఇంకోదానికి పాపం రెండే. జ్యావ్‌కి గుర్తు చుక్క మన చిత్తే.

ఇంకో తమాషా స్వాతి. చిత్త పక్కన మనకి స్వాతి, చాలా ఉత్తరంగా నారింజ రంగులో వెలిగే పెద్ద చుక్క. చైనాలో జ్యావ్ తర్వాత మజిలీ మెడ, దాని చుక్కలు వేరే. స్వాతి చుక్కని మాత్రం వాళ్లు డాజ్యావ్ అన్నారు, అంటే పెద్ద కొమ్ము. మజిలీ మెడ అయితే చుక్క పేరు కొమ్ము ఎందుకైంది? మొదట్లో చిత్త, స్వాతి రెండూ డ్రాగన్ రెండు కొమ్ములై ఉంటాయని కొందరి ఊహ. ఆకాశంలో చూస్తే నమ్మబుద్ధి అవుతుంది, స్వాతి కాస్త ఎక్కువే వెలిగినా రెండూ బాగా మెరుస్తూ ఉంటాయి.

స్వర్గద్వారం అంటారే, అదేంటి?

ఈ మొత్తంలో నాకు బాగా నచ్చింది ఇదే, కాస్త ఓపిగ్గా చదవండి.

చిత్త ఒక స్తంభం, ఉత్తరాన ఉన్న ఆ మసక చుక్క రెండో స్తంభం అనుకోండి. సూర్యుడు ఏడాదంతా నడిచే దారి, అంటే క్రాంతివృత్తం, సరిగ్గా ఈ రెంటి మధ్య నుంచి పోతుంది. చిత్త ఆ దారికి రెండు డిగ్రీలు దక్షిణాన ఉంటే రెండోది ఎనిమిది డిగ్రీల పైన ఉత్తరాన ఉంది. గ్రహాలు కూడా ఇంచుమించు అదే దారిలో నడుస్తాయి. ఏడో శతాబ్దంలో టాంగ్ రాజుల కాలంలో కూర్చిన జిన్ వంశ చరిత్రలో ఖగోళ భాగం ఉంది, అందులో ఇది ఉన్నదున్నట్టు రాశారు: జ్యావ్ రెండు చుక్కలూ స్వర్గపు కాపలా కట్ట, మధ్యలోది స్వర్గద్వారం, లోపలిది స్వర్గపు ఆవరణ, అందుకే పసుపు దారి దాని మధ్య నుంచి పోతుంది, ఏడు జ్యోతులూ అందులోంచే నడుస్తాయి. పసుపు దారి అంటే సూర్యుడి దారి. ఏడు జ్యోతులు అంటే సూర్యుడు, చంద్రుడు, ఐదు గ్రహాలు.

చూడండి, కథ అల్లినట్టుంది గానీ ఇది శుద్ధమైన కొలత. ఆకాశంలో ఏది ఎక్కడి నుంచి పోతుందో ఏళ్ల తరబడి చూస్తే తప్ప అక్కడ గేటు ఉందని అనలేరు. ఇంకా పాతకాలంలో, చూ రాజ్యపు కవి ఛూ యువాన్ రాశాడని చెప్పే ఆకాశానికి వేసిన ప్రశ్నల కవితలో కూడా ఇదే గేటు వాసన తగులుతుంది. ఏది మూసుకుంటే చీకటి, ఏది తెరుచుకుంటే వెలుగు, జ్యావ్ దగ్గర ఇంకా తెల్లవారకముందు సూర్యుడు ఎక్కడ దాక్కుని ఉంటాడు అని అడుగుతాడు.

సూర్యుడు ఎప్పుడూ గేటులోంచే పోతాడు, చంద్రుడు మాత్రం అలా కాదు. ఆయన దారి ఐదు డిగ్రీలు అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి కొన్నేళ్లు చిత్తకి దక్షిణంగా, గేటు బయట నుంచే పోతాడు, మధ్యలో కొన్నేళ్లు చిత్తనే కప్పేస్తూ పోతాడు. ఇలాంటివి జరిగినప్పుడల్లా ఆస్థానంలో రాసి పెట్టేవాళ్లు, చంద్రుడు కొమ్ము జోలికి పోయాడు అని. గ్రహాల్లో శుక్రుడు చిత్తని కప్పింది చివరిసారి 1783 నవంబరు 10న, మళ్లీ 2197 సెప్టెంబరు 2న. మనం చూడలేం, పోనీలెండి.

జ్యావ్‌కి జాతకాల్లో ఏమైనా ఫలితం చెప్పారా?

చెప్పారు, కానీ మనుషుల జాతకం కాదు, రాజ్యం జాతకం. క్రీస్తుపూర్వం 100 ప్రాంతాల రాసిన సీమా ఛియెన్ చరిత్ర గ్రంథంలో ఆకాశం అంతా ఒక సర్కారు కొలువులా ఉంటుంది. అందులో ఎడమ కొమ్ము న్యాయాధికారి, కుడి కొమ్ము సేనాపతి. చైనా పటాల్లో దాని చుట్టూ పొలం ఉంది, చదును దారి ఉంది, మంచివాళ్లను కొలువుకి సిఫారసు చేసే చుక్క ఉంది, జౌ వంశపు మూడు కాళ్ల లోహపాత్ర ఉంది, కింద ఆయుధశాల కూడా ఉంది. పనివాళ్లతో సహా ఓ ఊరు.

కొమ్ము చుక్కలు పెద్దగా, కాంతిగా ఉంటే పాలన చల్లగా ఉంటుంది, యోగ్యులు కొలువులో ఉంటారు. అదిరినట్టు కదిలినట్టు కనిపిస్తే రాజు కదలాల్సి వస్తుంది, అన్నారు. చుక్క అదిరినట్టు కనిపించడం గాలిలో తేడాల వల్లే, జంట తార గుడ్డు ఆకారం వల్ల కాదు, అది ఇందాక చెప్పినట్టు కంటికి అందదు. దీన్ని కూడా ఎవరో ఒకరు "చూశారా, తెలుసన్నమాట" అంటారని ముందే చెబుతున్నా.

డ్రాగన్ తల ఎత్తే రోజు అంటూ చైనాలో పండగ చేస్తారట, దానికీ చిత్తకీ సంబంధం ఏంటి?

నేరుగా సంబంధం. వాళ్ల రెండో నెల రెండో రోజు, సాధారణంగా మన ఫాల్గుణ శుద్ధ విదియ చుట్టుపక్కల వస్తుంది. పాతకాలంలో ఆ రోజుల్లో పొద్దుగూకి చీకటి పడేసరికి తూర్పున నేల అంచు మీద చిత్త పైకి వచ్చేది. డ్రాగన్ ఒళ్లంతా ఇంకా నేల కింద ఉంటుంది, కొమ్ము ఒక్కటే బయటికి. నీళ్లలో పడుకున్న గేదె తల ఎత్తితే ముందు కొమ్ములే కదా కనిపించేది, అలా. డ్రాగన్ అంటే వాళ్లకి వాన, కాబట్టి డ్రాగన్ లేచిందంటే పొలం పని మొదలైనట్టు. క్రీస్తుశకం 100 ప్రాంతాల షూ షెన్ అనే ఆయన కూర్చిన నిఘంటువులో డ్రాగన్ అనే మాటకి అర్థం రాస్తూ, వసంత విషువత్తుకి (పగలూ రాత్రీ సమానమయ్యే రోజుకి) ఆకాశానికి ఎక్కుతుంది, శరద్ విషువత్తుకి మడుగులో దిగుతుంది అన్నాడు. ఆకాశంలో చుక్కలు చేసే పనే అది. ఈజింగ్ అనే పాత చైనా శకున గ్రంథంలో మొదటి గుర్తు కింద మడుగులో దాగిన డ్రాగన్, పొలంలో కనిపించిన డ్రాగన్, ఆకాశంలో ఎగిరే డ్రాగన్ అని వరసగా వస్తాయి, అవి కూడా ఈ చుక్కల గురించేనని 20వ శతాబ్దంలో వెన్ యీదువో అనే పండితుడు వాదించాడు. జ్యావ్ పక్కనే ఆకాశపు పొలం అనే చుక్కలు ఉన్నాయని ఇందాక చెప్పాను, గుర్తుందా.

పండగ రోజు చేసేది మాత్రం చాలావరకు క్షవరం. సంవత్సరం మొదటి నెలంతా జుట్టు కత్తిరించుకోరు, కత్తిరిస్తే మేనమామ పోతాడని నమ్మకం. అందుకని రెండో నెల రెండో రోజున మంగలి షాపుల ముందు క్యూలు. మన దగ్గర పుట్టు వెంట్రుకలకి మొదటి కత్తెర వేసేదే మేనమామ, అక్కడేమో కత్తెర వేస్తే మేనమామకే ముప్పు. జుట్టుకీ మేనమామకీ ఈ లంకె రెండు దేశాల్లోనూ ఎందుకు పడిందో గానీ చదివినప్పుడు నవ్వొచ్చింది. ఆ రోజు తిండికి కూడా డ్రాగన్ పేర్లే పెడతారు, నూడుల్స్ డ్రాగన్ మీసాలు, పల్చటి రొట్టెలు డ్రాగన్ పొలుసులు.

ఇప్పుడు మార్చి మొదట్లో చూస్తే చిత్త చీకటి పడగానే రాదు, రాత్రి ఎనిమిదిన్నర తొమ్మిది దాకా ఆగాలి. పండగ తేదీ అక్కడే ఉండిపోయింది, ఆకాశం మాత్రం జరిగింది. ఎందుకు జరిగిందో కిందకి వస్తే తెలుస్తుంది.

మన చిత్త కార్తె లాంటిది వాళ్లకీ ఉందా?

కార్తె అనే పేరు లేదు గానీ పని అదే. చిత్త కార్తె మనకి అక్టోబరు 10, 11 నుంచి 23 దాకా, సూర్యుడు చిత్తలో ఉండే రోజులు. ఆ రోజుల్లో చుక్క పగటి వెలుగులో కలిసిపోయి కనిపించదు. కుక్కల పుణ్యమా అని ఆ కార్తె పేరు తిట్లలోకి ఎక్కింది కానీ రైతుకి అది వాన లెక్క. "చిత్త చిత్తగించి, స్వాతి చల్లజేసి, విశాఖ విసరకుంటే వీసానికి పుట్టెడు పండుతా" అని జొన్న అంటుందట. మూడు నక్షత్రాలూ చైనాలో డ్రాగన్ ముందు భాగంలోనే పడతాయి చూడండి.

చైనా వాళ్లు సూర్యుడు ఎందులో ఉన్నాడని కాక, తెల్లవారుజామున ఏ చుక్క మళ్లీ బయటపడిందని చూసేవాళ్లు. జౌ రాజుల మాటలు చెప్పే పాత గ్రంథంలో ఓ కథ ఉంది. షాన్ అనే చోటి ప్రభువు రాజు పని మీద చెన్ అనే చిన్న రాజ్యం మీదుగా పోతాడు. తిరిగొచ్చి రాజుతో చెబుతాడు: కొమ్ము కనిపిస్తే వానలు ఆగినట్టు, అప్పుడు దారులు బాగుచెయ్యాలి, తర్వాతి చుక్కలు కనిపిస్తే నీళ్లు ఇంకినట్టు, అప్పుడు వంతెనలు కట్టాలి, గది చుక్కలు కనిపిస్తే మంచు పడుతుంది, గుండె చుక్క కనిపిస్తే చలి వస్తోంది, గోడలూ ఇళ్లూ చూసుకోవాలి. నేను పోయేటప్పటికి తెల్లవారుజామున గుండె చుక్క కూడా కనిపిస్తోంది, అయినా చెన్‌లో రోడ్డు మీద గడ్డి మొలిచి నడవడానికి లేదు, వాగుల మీద వంతెనల్లేవు, ఆ రాజ్యం నిలవదు, అని. ఆయన అన్నట్టే రెండు మూడేళ్లలో చూ సైన్యం చెన్‌లోకి దిగింది. వాన ఆగాక గుంతలు పూడ్చని సర్కారు గురించి రెండువేల ఆరువందల ఏళ్ల కిందటి రిపోర్టు ఇది, చదువుతుంటే మన వీధి గుర్తొచ్చింది.

ఇవన్నీ ఎంత పాతవి? ఆధారం ఏదైనా ఉందా?

చేత్తో పట్టుకునే ఆధారం ఉంది. హూబేయ్ రాష్ట్రం సుయ్‌జౌ దగ్గర జెంగ్ ప్రభువు యీ సమాధిని 1978లో తవ్వారు. ఆయన్ని పూడ్చింది క్రీస్తుపూర్వం 433 ప్రాంతాల. అందులో లక్క పూసిన ఒక పెట్టె దొరికింది, మూత మీద మధ్యలో సప్తర్షి మండలానికి పెద్ద అక్షరం, దాని చుట్టూ 28 మజిలీల పేర్లు, ఒక పక్క డ్రాగన్, ఇంకో పక్క పులి. పేర్లలో జ్యావ్ ఉంది. తర్వాత చైనా వదిలిన పటాల్లో పేరున్నవి డున్‌హువాంగ్ గుహల్లో దొరికిన టాంగ్ కాలపు పటం, అదిప్పుడు లండన్‌లో ఉంది, ఇంకా సుజౌలో 1247లో రాతి మీద చెక్కిన పటం.

చైనా ఖగోళంలో భారతీయులెవరైనా పనిచేశారా?

చేశారు, అదీ రాజాస్థానంలో పెద్ద పదవిలో. టాంగ్ రాజధాని చాంగాన్‌లో స్థిరపడ్డ భారతీయ వంశం ఒకటుంది, గౌతమ వంశం. వాళ్లలో గౌతమ సిద్ధుడు టాంగ్ చక్రవర్తి దగ్గర ఖగోళ శాఖ చూసేవాడు. 718లో మన నవగ్రహ గణితాన్ని చైనా భాషలోకి తెచ్చాడు, అందులో సున్నాకి చుక్క పెట్టే పద్ధతీ ఉంది. ఆయనే కూర్చిన పెద్ద శకున గ్రంథంలో అంతకు వెయ్యేళ్ల కిందటి చైనా ఖగోళవేత్త షి షెన్ పేరు మీద ఉన్న చుక్కల కొలతలు కూడా భద్రంగా మిగిలాయి, లేకపోతే పోయేవే. తర్వాత 759లో అమోఘవజ్రుడు అనే బౌద్ధ ఆచార్యుడు నక్షత్రాలూ గ్రహాల మీద ఒక గ్రంథం చైనా భాషలో పెట్టినప్పుడు మన చిత్తకి జ్యావ్ అనే పేరే వాడారు. అంటే రెండూ ఒకటేనని పన్నెండు వందల ఏళ్ల కిందటే కాగితం మీద ఉంది.

ఆకాశం జరిగింది అన్నారు, ఎలా?

భూమి అక్షం బొంగరం తల తిప్పినట్టు నెమ్మదిగా తిరుగుతుంది, ఒక చుట్టుకి దాదాపు 26 వేల ఏళ్లు. దాంతో విషువత్తులు చుక్కల మధ్య 72 ఏళ్లకో డిగ్రీ చొప్పున వెనక్కి జరుగుతాయి. దీన్ని మొదట పట్టుకున్నవాడిగా పేరున్న గ్రీకు పండితుడు హిప్పార్కస్ పట్టుకుందీ చిత్త కొమ్మునే: తనకు నూట యాభై ఏళ్ల ముందు టిమోకారిస్ కొలిచినప్పుడు చిత్త శరద్ విషువత్తుకి 8 డిగ్రీల దూరంలో ఉంటే తన నాటికి 6 డిగ్రీలే ఉంది. చైనాలో క్రీస్తుశకం 330 ప్రాంతాల యూ షీ విడిగా కనిపెట్టాడు, ఆయన లెక్కలో యాభై ఏళ్లకో డిగ్రీ. 462లో జూ ఛోంగ్‌జీ దాన్ని పంచాంగంలో వాడాడు.

మన పంచాంగాలకీ ఇది నేరుగా తగులుతుంది. మేఘనాద్ సాహా అధ్యక్షతన 1952లో వేసిన క్యాలెండర్ సంస్కరణ సంఘం చిత్తకి సరిగ్గా ఎదురుగా ఉన్న బిందువుని మేషానికి మొదలుగా తీసుకోమంది. ఆ మొదలుకీ వసంత విషువత్తుకీ మధ్య ఉన్న తేడానే చిత్రాపక్ష అయనాంశ అంటారు, వాడుకలో లాహిరి. ఇప్పుడది 24 డిగ్రీలు దాటింది. ఫోన్‌లో జాతకం యాప్ తెరిచి సెట్టింగ్స్‌లో లాహిరి అని చూసి ఉంటారు, ఆ లెక్క ఈ కొమ్ముకే కట్టి ఉంది. చైత్రం అనే నెల పేరు కూడా పున్నమి చంద్రుడు చిత్త దగ్గరుండటం వల్లే వచ్చింది.

జ్యావ్ వాటాలో ఇంకేమైనా జంట తారలున్నాయా?

ఉంది, అదీ మామూలుది కాదు. చాలా దక్షిణంగా దక్షిణ ద్వారం అనే రెండు చుక్కలు కూడా జ్యావ్ మజిలీ కిందే లెక్క. వాటిలో రెండోది ఆల్ఫా సెంటారీ, 4.37 కాంతి సంవత్సరాల దూరంలో మనకు అతి దగ్గరి నక్షత్ర కుటుంబం. అది కూడా జంటే, కాకపోతే చిత్త జంట నాలుగు రోజుల్లో ముగించే చుట్టు వీళ్లకి 80 ఏళ్లు. హైదరాబాద్ నుంచి చూస్తే దక్షిణాన 12 డిగ్రీల ఎత్తు దాకా వస్తుంది, అపార్టుమెంట్లు అడ్డు లేకపోతే. ప్రాచీన చైనా రాజధాని లోయాంగ్ నుంచి ఇప్పుడు అసలు కనిపించదు. రెండువేల ఏళ్ల కిందట నేల అంచు మీద కాస్త కనిపించేది, ఇందాకటి బొంగరం కథే.

ఈ దక్షిణ ద్వారంలోనే క్రీస్తుశకం 185 డిసెంబరులో అతిథి తార వచ్చిందని హాన్ చరిత్ర చెబుతోంది. పెద్దగా, ఐదు రంగుల్లో మెరుస్తూ వచ్చి నెలల తరబడి ఉండి మాయమైంది. మనుషులు రాసిపెట్టిన అతి పాత సూపర్‌నోవా ఇదేనని ఎక్కువ మంది అంటారు.

చిత్త కూడా అలా పేలుతుందా?

పెద్దది పేలుతుంది, దాని బరువుకి వేరే దారి లేదు. అయితే ఇంకా లక్షల ఏళ్ల మాట, పైగా 250 కాంతి సంవత్సరాలు మనకి ప్రమాదం లేనంత దూరమే. యూట్యూబ్ థంబ్‌నెయిల్ చూసి టెన్షన్ పడకండి.

నేను చూడాలంటే ఎలా?

ఏప్రిల్, మే రాత్రులు మంచివి. ఉత్తరాన సప్తర్షి మండలం వెతకండి, దాని తోక వంపుని అలాగే పొడిగిస్తే నారింజ రంగు స్వాతి, ఇంకా అదే వంపులో ముందుకి పోతే తెల్లటి చిత్త. సీమా ఛియెన్ కూడా ఇదే గుర్తు చెప్పాడు, సప్తర్షుల పిడి డ్రాగన్ కొమ్ముని పట్టుకుని ఉంటుందని. హైదరాబాద్‌లో నడినెత్తికి కాస్త దక్షిణంగా 61 డిగ్రీల ఎత్తుకి వస్తుంది, కాబట్టి డాబా మీదకి ఎక్కితే చాలు. గేటు రెండో స్తంభం మాత్రం సిటీ లైట్లలో దొరకదు, ఊరికి వెళ్లినప్పుడు చిత్తకి ఉత్తరంగా ఓ పిడికిలి కొలిచి చూడండి. చంద్రుడు ఆ పక్కకి వచ్చిన రాత్రి చూస్తే ఇంకా బాగుంటుంది, పంచాంగంలో ఆ రోజు నక్షత్రం చిత్త అని ఉంటుంది.